తాడు పట్టిన గంటలు

మే 11

నా భార్య నాంచారి ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు నలభైకి పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఐదున్నరకు లేచింది. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి నెల రోజులుగా గోడకు ఆనుకునే నిద్రపోతోంది. గంజి అడిగింది. నాలుగు చెంచాలు తాగి గిన్నె నా వైపు జరిపింది. ఏడింటికి నేను సముద్రపు గోడ రెండో గేటు దగ్గర ఉప్పు కొలత తీయాలి. వెళ్లనన్నాను. "వెళ్లిరా. ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తే ఏం వచ్చుద్ది," అంది. వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఎనిమిదింపావు. జుట్టు దువ్వుకుంటోంది. సగంలో చెయ్యి ఆగిపోయింది. మిగతాది నేను దువ్వి జడ వేశాను. బిగుతుగా వేశానని విసుక్కుంది. విప్పి మళ్లీ వేశాను.

పది గంటలకు కడుగుడు కేంద్రానికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఊపిరితిత్తులు కడిగితే మనిషి తట్టుకోలేదని, ఇంట్లోనే ఉంచమని చెప్పారు. పదకొండుకు, పోటు ఎంత ఉందని అడిగింది. రెండు మీటర్ల నలభై అన్నాను. "ఎక్కువే," అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

కేంద్రం మనిషి రెండింటికి వచ్చాడు. నాంచారి కార్డు చూశాడు. కాగితం మీద 'సేవలో మరణం' అని ముద్ర వేసి ఇచ్చాడు. పొగలో పనికి ఆమెకిచ్చిన గాలిపట్టీ నా దగ్గరే ఉంచుకోవచ్చన్నాడు. చట్టం ప్రకారం అది ఇంటివాళ్లదట.

మే 30

సెలవు అయిపోయింది. పని మామూలే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడ వెంట పడవలో వెళ్లి నాలుగు గేట్ల దగ్గర నీటి మట్టం, ఉప్పు శాతం రాయాలి. మధ్యలో కప్పు మీద మంచు పట్టే తెరలు దులపాలి. రెండు రోజులు వదిలేస్తే ఉప్పు పేరుకుని తాగే నీళ్లు చేదెక్కుతాయి. ఇది నాంచారి చేసే పని. నాకు తెరలు సరిగ్గా మడవడం రాదు.

భోజనం తర్వాత గంటన్నర ఖాళీ. ఆ గంటన్నర గాలిపట్టీ వింటున్నాను.

మూడేళ్ల కిందట ఉప్పెనకు మూడో గేటు దగ్గర గోడ తెగింది. సముద్రం బ్యాటరీ గిడ్డంగుల్లోకి వచ్చింది. మా ఊరు గోడపాలెం కరెంటంతా నిలవ ఉండేది అక్కడే. ఉప్పునీళ్లు తగిలి బ్యాటరీలు ఆరు రోజులు కాలాయి. ఆ పొగ పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో సన్నటి గాజులాంటిది పేరుకుంటుంది. 'గాజు పట్టింది' అంటారు ఇక్కడ. ఇరవై రోజులకోసారి కడిగించుకుంటే చాలాకాలం నెట్టుకు రావచ్చు. సొంత ఖర్చుతో కడిగించుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే సహాయకుల, బాధితుల వైద్య చట్టం వచ్చింది. కరెంటు మీద వేసిన పన్నుతో నడుస్తుంది. కాబట్టి ఏటా ఎవరో ఒకరు దాన్ని కుదించాలంటారు.

గిడ్డంగుల వెనక కాలనీలో ఉన్నవాళ్లు బాధితులు. వాళ్లను బయటికి తెచ్చినవాళ్లు సహాయకులు. నాంచారి ఆరో జట్టు. నేను ఆ ఆరు రోజులూ గోడ అవతలి కొసన, మిగతా గేట్లు మూయిస్తూ ఉన్నాను. వాటి గురించి తను ఎప్పుడూ పెద్దగా చెప్పలేదు. నేను అడగలేదు.

పట్టీ ఛాతీకి కట్టుకునేది. గాలి చెడితే కూత పెడుతుంది. కట్టుకున్నవారి ఊపిరిని దాచుకుంటుంది. మాటలు దాచదు. నాంచారి పట్టీలో నూట పందొమ్మిది గంటల ఊపిరి ఉంది. అందులో నాలుగో రోజు మూడు గంటల ముక్క ఒకటి నాకు అలవాటైంది. నెమ్మదిగా, ఒకే తీరుగా సాగుతుంది. వదిలే ఊపిరి చివర చిన్న గరగర. అది వింటూ నిద్రపోతున్నాను.

జూన్ 30

కాసులమ్మ వచ్చింది. ఆరో జట్టులో నాంచారితో పాటు పనిచేసిన మనిషి. రేవులో ఎండుచేపల షెడ్డు నడుపుతుంది. నాంచారిని అక్కా అనేది కాబట్టి నేను బావగారిని. మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"తలుపు తీయడానికి ఇంతసేపా బావగారూ. ఇంకాసేపుంటే నన్ను కూడా ఇక్కణ్ణించే సాగనంపేవోళ్లు."

నీళ్లిచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"తెరలు దులపట్లేదు మీరు."

"దులుపుతున్నాను."

"అక్క దులిపినట్టు దులపట్లేదు." చీర కొంగులోంచి ఒక కాగితం తీసింది. "ఇది చదివారా?"

"లేదు."

"చదవరు. సదువుకున్నోళ్లు గదా."

చట్టానికి వచ్చిన సవరణ అది. ఒకే పట్టీని ఇద్దరు ముగ్గురు వాడి ఉంటే వాళ్ల పేర్లు కూడా జాబితాలో చేరుస్తారు. ఎవరి గంటలెన్నో పట్టీ ఎవరి పేరున ఉందో వాళ్లు ప్రమాణం చేసి చెప్పాలి. వాళ్లు లేకపోతే భర్తో, భార్యో చెప్పాలి. ఒక్కొక్కరికి కనీసం నలభై గంటలుండాలి. గడువు జూలై 30. ఆ తర్వాత జాబితా మళ్లీ తెరవరు.

"నాంచారి పట్టీ నువ్వు కూడా కట్టుకున్నావా?"

"మాకిచ్చిందే ఒక పట్టీ, ఒక ముసుగు. మనుషులం ముగ్గురం. అక్క, నేను, బాషా." జానీబాషా నాకూ గుర్తే. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. రెండేళ్ల కిందటే గాజుతో పోయాడు. "లోపలికెళ్లేవాళ్లకి పట్టీ, ముసుగు. నడుముకి తాడు. బయట ఒకరు తాడు పట్టుకోవాలి. ఇంకొకరు కునుకు తీయాలి. పొగలోకి దిగటం మాకు కొత్త, నీళ్లలోకి దిగటం పాతే గదా. వల చిక్కుకుంటే పడవ కిందికి దిగేవాడి తాడు ఎవరి చేతికిస్తారు? అందర్లోకీ నమ్మకమైనోళ్లకి. అట్టా అక్కకిచ్చాం."

"అప్పుడే చెప్పి ఉండాల్సింది."

"అప్పుడు చెబితే పట్టీ చెల్లదని ముగ్గుర్నీ కొట్టేసేవోళ్లు. ఇద్దరి పేర్లు లేకపోయినా ఒక పేరన్నా ఉంటదని అక్కే ఊరుకోమంది." కాసేపు దగ్గింది. "నేనుండే రేవు, కాలనీ కింద రాదంట. బాధితురాల్ని కూడా కాదు నేను. మే నుంచి నాకు కడుగుడు లేదు బావగారూ. ఆగస్టు సగం దాటితే కడిగినా లాభం లేదంటన్నారు."

చూస్తానన్నాను. వెళ్లేముందు మేడెక్కి, నేను వద్దంటున్నా వినకుండా, ఒక తెర దులిపి వెళ్లింది. దిగడానికి పావుగంట పట్టింది.

జూలై 3

నమోదు కార్యాలయం. అధికారి పేరు హిమజ. ముప్పై ఏళ్లుంటాయి. మర్యాదగా మాట్లాడింది.

"పట్టీలో గంటలు విడదీసి చెప్పాలండి. మీరే వినాలి. పేరు చేర్చుకునేవాళ్లు మీ పక్కన కూర్చుని ఇది నాది, ఇది నాది అని చెప్పకూడదు."

"కాసులమ్మ ఊపిరి ఇప్పుడు తీసుకుని యంత్రంతో పోల్చవచ్చు కదా."

"గాజు పట్టాక ఊపిరి మారిపోతుందండి. యంత్రం ఒప్పుకోదు. ఒక మంచం మీద పడుకున్నవాళ్లకైతే తెలుస్తుందని సభలో ఎవరో అన్నారంట. అందరూ నవ్వారంట. నవ్వి, అదే రాసేశారు."

"నా భార్య గంటలు నలభైకి తగ్గితే?"

"పేరు తీసేయాల్సి వస్తుందండి. 'సాధారణ మరణం' అని వేరే కాగితం ఇస్తాం. చేసిన వైద్యానికి డబ్బు తిరిగి ఎవరూ అడగరు. పట్టీ మాత్రం సాక్ష్యం కింద ఇక్కడే సీలు చేస్తాం."

"బయట తాడు పట్టుకున్న గంటలు?"

"పట్టీ కట్టుకున్న గంటలేనండి. తాడు పట్టుకున్నవాళ్లని, వండిపెట్టినవాళ్లని చేర్చాలని రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ పోయింది."

సాయంత్రం కొలతలు. నాలుగో గేటు దగ్గర ఉప్పు పెరిగింది. రాశాను.

జూలై 12

వారం నుంచి వింటున్నాను. పట్టీ ఒకరి నుంచి ఒకరికి మారినప్పుడు నాలుగైదు క్షణాలు ఏమీ వినిపించదు. అక్కడ గీత గీస్తున్నాను.

నాంచారిది తెలుస్తుంది. మెట్లెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టి, పైకి చేరాక ఒక్కసారిగా వదులుతుంది. పందొమ్మిదేళ్లు ఈ ఇంటి మెట్ల మీద విన్నాను. పట్టీలో కూడా అలాగే వదిలింది. మొదటి రోజు ఎక్కువ ఉంది. రెండో రోజు సగానికి తగ్గింది. మూడో రోజు ఇంకా తక్కువ. ఆడమనిషి ఊపిరి ఇంకొకటి ఉంది, తొందరగా, పైపైన తీసేది. అది కాసులమ్మది. మిగిలింది బాషాది.

ఈ రోజు నాలుగో రోజుకు వచ్చాను. నేను నిద్రపోయే ముక్క. దాని చివర ఊపిరి ఆగింది. నాలుగు క్షణాలు. తర్వాత నాంచారి మొదలైంది.

మొదటి నుంచి మళ్లీ విన్నాను. మళ్లీ అంతే.

రెండింటికి కాసులమ్మ చేపల పులుసు తెచ్చింది. చట్టం ఒప్పుకోదని తెలిసి కూడా ఆ ముక్క వినిపించాను. ఆమెది కాదు కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

"ఇదెవరు?" అన్నాను.

చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంది. "బాషా. ఆ గరగర బీడీలది. ఎవరనుకున్నారు?"

నా వైపు చూసింది. పక్కన దిండు, దిండు మీద తీగలు చూసింది.

"రోజూ ఇదే వింటన్నారా?"

"రెండు నెలల నుంచి."

నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది. "నలభయ్యేళ్లొచ్చినా పెళ్లి కాలేదని తెగ ఏడ్చేవాడు పాపం. చచ్చాక కుదిరింది. పక్కన పడుకున్నోడి ఊపిరి పోల్చుకోలేరు, మీతో సాక్ష్యం చెప్పిస్తదంట సర్కారు!"

నాకూ నవ్వొచ్చింది. మే తర్వాత ఇదే మొదలు.

తర్వాత చెప్పింది. నాలుగో రోజు బాషా కాలనీలో మూడో అంతస్తుకు వెళ్లాడు. వెనక మెట్లు కూలిపోయాయి. ఇద్దరు ఆడపిల్లలతో స్నానాలగదిలో చిక్కుకున్నాడు. తలుపు కింద తడిగుడ్డ పెట్టి, పిల్లలు ఏడిస్తే గాలి తొందరగా అయిపోతుందని చెరో పక్క కూర్చోబెట్టుకుని, నేను ఎలా తీస్తే మీరూ అలా తీయండి అన్నాడట. బయటి నుంచి నిచ్చెన వేసేదాకా మూడు గంటలు అలా కూర్చున్నారు.

"అందుకే అంత నిదానంగా ఉంది. లేకపోతే వాడంత నెమ్మదిగా ఏనాడు ఊపిరి పీల్చాడు?"

"నాంచారి?"

"బయట. తాడు రెండు చుట్లు చేతికి చుట్టుకుని. గాలి ఇటు తిరిగింది, పొగంతా ఆమె మీదికే. ముసుగు బాషా దగ్గర. లేవమంటే లేవదే. తాడు కదుల్తంది, వాడు బతికే ఉన్నాడంటది."

జూలై 17

లెక్క తేలింది. మూడుసార్లు సరిచూశాను. నాంచారి ముప్పై ఒకటి. జానీబాషా నలభై ఆరు. కాసులమ్మ నలభై రెండు.

నాంచారికి నలభైకి తొమ్మిది గంటలు తక్కువ. ముగ్గురికీ నలభై చొప్పున సరిపోవు.

కాసులమ్మకు ఫోన్లో లెక్క చెప్పాను. మంచు తెర ఒకటి చిరిగింది. కుట్టాను. బాగా రాలేదు.

జూలై 21

నాంచారి కార్డు అప్పగించమని కడుగుడు కేంద్రం నుంచి నోటీసు వచ్చింది. ఇచ్చేటప్పుడు ఆమె వచ్చిన తేదీల జాబితా మీద సంతకం పెట్టమన్నారు. చదివాను. ఫిబ్రవరి 9, ఉదయం పది గంటలు అని ఉంది. ఫిబ్రవరి 9న మూడో గేటు ఇరుక్కుపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాంచారి నాతో గోడ మీదే ఉంది. అన్నం గేటు పక్కనే తిన్నాం.

నేరుగా రేవుకు వెళ్లాను. కాసులమ్మ షెడ్డులో చేపలు తిరగేస్తోంది. తేదీ చెప్పాను. చేతిలో గంప కింద పెట్టింది.

"అక్క కార్డు మీద నేనెళ్లాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. నిరుడు కార్తీకం నుంచి, ఒకటి తనకి, ఒకటి నాకు. కడిగే పిల్లకి తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకుంది."

"నాంచారి బలవంతం చేసిందా?"

"అబద్ధమెందుకు. పిలిచింది, వెళ్లాను. నాకూ బతకాలని ఉంది బావగారూ. మీకు చెప్పొద్దంది. చెబితే ఒప్పుకోరంది."

నిజమే. ఒప్పుకునేవాణ్ణి కాను.

వచ్చేశాను. ఆమె వెనక నుంచి పిలిచింది. ఆగలేదు. నాలుగు కడుగుళ్లంటే ఎనభై రోజులు. ఊపిరితిత్తులకు అలాంటి లెక్క ఉండదని తెలుసు. అయినా వేశాను. మే 11 నుంచి ఎనభై రోజులంటే జూలై 30.

సాయంత్రం కొలతలు రెండుసార్లు తప్పు రాశాను.

జూలై 25

నాలుగు రోజులు పట్టీ ముట్టుకోలేదు. కార్యాలయానికి వెళ్లకపోతే ఏమీ మారదు. కాగితం కాగితంలాగే ఉంటుంది, పట్టీ ఇంట్లోనే ఉంటుంది. ఎవరూ నన్ను అడగరు. ఈ మాట రాసి చూసుకుంటే ఎలా ఉంటుందోనని రాశాను.

జూలై 27

మధ్యాహ్నం కాసులమ్మ వచ్చింది. ఈసారి మెట్లెక్కలేకపోయింది. కింద నుంచే పిలిచింది. దిగి వెళ్లాను. మొదటి మెట్టు మీద కూర్చున్నాం. పెదాలు నీలంగా ఉన్నాయి.

"కోపం పోయిందా?"

"లేదు."

"పోవద్దులే. ఉంచుకోండి. ఒక మాట చెప్పి పోతాను. అక్కకి తొమ్మిది తక్కువైనాయన్నారు గదా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "బాషాయి తొమ్మిది అక్కకి రాసేయండి. వాడికి ముందూ వెనకా ఎవరున్నారు? పేరుంటే సంతోషించేవోళ్లు లేరు, పోతే ఏడ్చేవోళ్లు లేరు. నాకు నా నలభై రెండు ఉంటాయి. అక్క పేరు అక్కకి ఉండిద్ది. ఎవరికి తెలుసుద్ది?"

"నీకు తెలుస్తుంది కదా."

"నేనేం మాట్లాడను. వాడే ఉంటే తీసుకోండి అనేవాడు."

"అనేవాడు."

"మరింకేం?"

ఆమెను లేపి నిలబెట్టాను. పడవలో రేవు దాకా దింపి వచ్చాను. దారిలో ఒకటే అడిగాను, తనూ బాషా లోపలున్న గంటలన్నింటిలోనూ తాడు ఎవరు పట్టారని. "అక్కదే. తను లోపలికెళ్తే బాషా పట్టేవాడు. మేమెళ్తే అక్కే. కూర్చునే కునికేది. తాడు లాగితే లేచేది. పట్టీ చార్జింగు పెట్టినప్పుడే ముగ్గురం నడుం వాల్చేది."

జూలై 28

హిమజ గారికి ఫోన్ చేశాను. ప్రమాణం చేసి చెప్పే మాటల్లో గంటలు కాక వేరే ఏమైనా చెబితే ఏం చేస్తారని అడిగాను. నోటితో చెప్పిన ప్రతి మాటా రికార్డులో ఉంటుందని, తీసేసే అధికారం ఎవరికీ లేదని, జాబితాకు మాత్రం గంటలనే లెక్క తీసుకుంటారని చెప్పింది. పేరు చేరిన రోజు నుంచే వైద్యం ఇస్తారా అన్నాను. గంటలో కార్డు చేతికిస్తామంది.

జూలై 29

తొమ్మిది గంటలు ఎక్కడ తీయాలో చూద్దామని కూర్చున్నాను. చివరిసారిగా, నిజాయితీగా ప్రయత్నించాను.

బాషా ముక్కలు మొత్తం పదిహేను. ఒక్కొక్కటీ పెట్టి, దీన్ని నాంచారిది అని చెప్పగలనా అని చూశాను. మొదటి రోజువి ఆయాసంగా ఉన్నాయి. ఎవరివైనా కావచ్చు. అవి కలిపితే నాలుగు గంటలు. ఐదో రోజువి రెండు గంటలు. తక్కినవాటిలో మగమనిషి దగ్గు తెలిసిపోతుంది. మిగతా మూడూ కావాలంటే ఆ స్నానాలగది గంటలే మిగిలాయి. రెండు నెలలు నాంచారిదేనని నమ్మినవి. వాటిని ఆమెవని చెప్పడం నాకు అందరికన్నా తేలిక.

విన్నాను. ఈసారి నిద్ర రాలేదు. ఒక మనిషి భయాన్ని అణచుకుని, ఇద్దరు పిల్లలు అందుకోగలిగేలా ఊపిరి తీస్తున్నాడు. ప్రతి ఊపిరికీ కాస్త ఆగుతున్నాడు, వాళ్లు వెనకబడకుండా. ఆ తొమ్మిదీ పోతే బాషాకు ముప్పై ఏడు గంటలు మిగులుతాయి. జాబితాలో పేరు ఉండదు. నాంచారి పొగలో కూర్చుని మూడు గంటలు వదలకుండా పట్టుకున్న మనిషిని, ఆమె పేరు కోసం నేను వదిలేయాలి.

చేయలేను. పెద్ద కారణం ఏమీ లేదు. చేతకావడం లేదు.

కాసులమ్మ మీద కోపం అలాగే ఉంది. నాంచారి మీద కూడా ఉంది. ఆ నాలుగు కడుగుళ్ల సంగతి నాకు చెప్పి ఉంటే పోట్లాడేవాణ్ణి. పోట్లాడే అవకాశం కూడా ఇవ్వలేదు.

నాంచారి ముక్కలు ముప్పై ఒక్క గంటలూ ఈ రోజు వినడం కుదరదు. ఒక్కటి విన్నాను. రెండో రోజుది, ఇరవై నిమిషాలు. ఎక్కడో మెట్లెక్కింది. బిగబట్టి, పైకి చేరి, వదిలింది. పట్టీని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను. 'సేవలో మరణం' కాగితం కూడా పెట్టాను. అడుగుతారు.

రేపు ఉదయం ఆరింటికి కొలతలు తీస్తాను. ఎనిమిదింటికి రేవుకు వెళ్లి కాసులమ్మను పడవ ఎక్కించుకుంటాను. తొమ్మిదింటికి కార్యాలయం తెరుస్తారు. నాంచారి ముప్పై ఒకటి, జానీబాషా నలభై ఆరు, కాసులమ్మ నలభై రెండు అని ప్రమాణం చేసి చెబుతాను. ఆ తర్వాత, నాంచారి తాడు పట్టిన గంటలు ఎనభై ఎనిమిది అని చెబుతాను. అది లెక్కలోకి రాదని హిమజ గారు అంటారు. తెలుసంటాను. కార్డు వచ్చేదాకా ఆగి, కాసులమ్మను కడుగుడు కేంద్రానికి తీసుకెళతాను. మొదటి కడుగుడు నాలుగు గంటలు పడుతుంది. ఆమె లోపల ఉన్నంతసేపూ బయట కూర్చుంటాను.